టోపీలో సముద్రం

బారువ,
12 నవంబరు 2002

బావా,

ఇంటి సంగతులు అక్కకు వేరే కాగితం మీద రాశాను. ఇది నీకు మాత్రమే. ఎస్‌టీడీ బూత్‌లో మాట్లాడితే నా మాటలు నీకంటే ముందు మా వీధికి చేరతాయి గనుక ఉత్తరమే రాస్తున్నాను.

మొన్న విశాఖలో మీ ఆఫీసుకు తీసుకెళ్లి, లక్షలు పోసి బయటి దేశం నుంచి తెప్పించారన్న ఆ టోపీ నా నెత్తిన పెట్టి, తీశాక ఒక అచ్చు కాగితం చేతికిచ్చావు. "నీ అభిప్రాయం టిక్కు పెట్టు" అన్నావు. అందులో మూడే గళ్లు. చాలా బాగుంది. బాగుంది. ఫరవాలేదు. బాగులేదని చెప్పేవాడికి చోటే లేని కాగితం మీద నేను గీత కూడా గీయను. అందుకే ఖాళీది జేబులో పెట్టుకుని పలాస పాసింజరెక్కేశాను. ఇప్పుడు నా అభిప్రాయం విను.

అది టోపీ కాదు, బరువు. పెట్టుకున్న రెండో నిమిషానికి మెడ వాలిపోయింది. వెనక నుంచి వేలు లావు వైరు, ఆవుకు పలుపు కట్టినట్టు. నాలుగడుగులు వేస్తే "ఆగు ఆగు, వైరు" అని నువ్వే అరిచావు. లోపలి స్పాంజికి నాకంటే ముందు పెట్టుకున్న వాళ్లందరి చెమట వాసన. ఇక బొమ్మ. కంటికి ఆనించిన రెండు చిన్న టీవీలు. దోమతెరలోంచి ప్రపంచాన్ని చూసినట్టుంది. తల తిప్పాను. సముద్రం తిరగలేదు. కాసేపు ఆలోచించుకుని, తీరిగ్గా, అప్పుడు తిరిగింది. ఆ నీళ్ల రంగు బట్టలకు పెట్టే నీలిమందు రంగు. పైన ఒకే పక్షి. ఇరవై అంకెలు లెక్కపెట్టేసరికి మళ్లీ అదే పక్షి, అదే చోటు నుంచి, అదే రెక్క ఊపుతూ. గాలి లేదు, ఉప్పు లేదు, చేపల కంపు లేదు. తడి లేని సముద్రాన్ని చూడటం నాకదే మొదటిసారి.

ఆ బొమ్మలో నేను కూర్చున్న తెప్ప కదలలేదు. నా కడుపు కదిలింది. మీ ఆఫీసు బకెట్లో కక్కాను. మూడు తరాలుగా మా ఇంట్లో సముద్రం మీద కక్కినవాడు లేడు. టై కట్టుకున్న మీ ఆఫీసరు నా వీపు తట్టి "మొదట్లో అందరికీ ఇంతే, అలవాటైపోతుంది" అన్నాడు. అలవాటైపోతుంది అనే మాటతోనే కదా ఈ దేశంలో ప్రతి దోపిడీ మొదలైంది! అసలు సముద్రాన్ని మెల్లగా లాక్కునేవాడు ముందు బొమ్మ సముద్రాన్ని చేతికిస్తాడు. బొమ్మతో ఆడుకునేవాడికి పోయినదేమిటో తెలియదు. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, మీ టోపీలోనే చదివాను.

ఒక్కటి మాత్రం అడుగుతాను, జవాబు సూటిగా రాయి. ఆ బొమ్మలో ఉన్నది మన బారువ ఒడ్డు. లైట్‌హౌసు ఉంది, కొబ్బరి చెట్లున్నాయి, దూరంగా మహేంద్రగిరి కొండ ఉంది. మా ఇళ్లు లేవు. ఒక్క గుడిసె కూడా లేదు. ఎందుకు లేవు బావా? ఎవరు తీసేశారు?

ఇంకా తల తిరుగుతూనే ఉన్న,
కామేశ్

*

విశాఖపట్నం,
19 నవంబరు 2002

కామేశూ,

నీ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించాను. కక్కిన చోటికి వచ్చేసరికి పొయ్యి మీద పాలు పొంగినా లేవకుండా నవ్వింది. నిజం చెప్పు బావమరిదీ, నీ కోపం టోపీ మీదా, బకెట్ మీదా?

నీ ఇళ్లను ఎవరూ తీసేయలేదు. ఎవరూ గీయలేదు, అంతే. ఆ ఒడ్డు గీసింది నేనే. పటం ముందు పెట్టుకుని, మా పెళ్లి ఫొటోల్లో వెనక కనబడే కొబ్బరి చెట్లు చూసి, రెండు నెలలు రాత్రీ పగలూ కూర్చుని గీశాను. ఒక్క ఇల్లు పెడితే మిషను ఆయాసపడుతుంది. నూటయాభై ఇళ్లు పెడితే ఆగిపోతుంది. ఏదో ఊరు గీయమంటే మీ ఊరు గీశాను, అత్తవారి ఊరు కదా అని. దానికి నాకు దక్కిన బిరుదు దోపిడీదారు!

మా కంపెనీ చేసేది ఇది: ఓడల్లో పనికి వెళ్లాలనుకునే కుర్రాళ్లకు ఒడ్డు మీదే ఓడ నడపడం నేర్పుతుంది. అందుకే ఆ టోపీ. నీ కరపత్రాల్లో ఉన్న కుట్ర ఇందులో లేదు. తీర గ్రామాల్లో తిరిగి చూపించాలని నిర్ణయించారు. మొదటి ఊరు బారువ. డిసెంబరు 8, ఆదివారం, తుఫాను షెల్టర్‌లో. జనరేటరు మేమే తెస్తాం.

ఇప్పుడు అసలు మాట. ఇది బాగా జరిగితే నన్ను పర్మినెంటు చేస్తామన్నారు. నాలుగేళ్లుగా ఏడాదికోసారి కాగితం మారుస్తున్నారు, నీకు తెలుసు. ఆ రోజు నువ్వు బెంచీ ఎక్కి ఉపన్యాసం ఇవ్వకుండా ఉంటే చాలు. టోపీ పెట్టుకున్నవాడికి కనబడేది పక్కనున్న టీవీలో మాకూ కనబడుతుంది. జనం మీద పడకుండా ఆ టీవీని గోడవైపు తిప్పి పెడతాను. ఒక్కొక్కరే వచ్చి చూసి వెళ్తారు. గొడవ ఉండదు.

నీ మేలు కోరే,
తిరుపతిరావు

*

బారువ,
26 నవంబరు 2002

బావా,

గొడవ ఉండదా? గొడవ లేకుండా జరిగేదంతా మంచిదని నీకెవరు చెప్పారు?

టీవీ గోడవైపు తిప్పితే నేను షెల్టర్ తలుపు దగ్గర అడ్డంగా కూర్చుంటాను. నీ టోపీ చేసే మొదటి తప్పు అదే. మనిషి కళ్లకు గంతలు కట్టి, నలుగురిలోంచి వేరు చేసి, వాడొక్కడికీ ఒక లోకం చూపిస్తుంది. పక్కవాడు చూస్తున్నదేమిటో నాకు తెలియదు, నేను చూసింది వాడికి తెలియదు. ఇద్దరం కలిసి "ఇది అబద్ధం" అని ఎలా అంటాం? అందుకని టీవీ జనం వైపు ఉండాలి. బహిరంగంగా జరగాలి. ఇది నా షరతు. ఊరి కుర్రాళ్లందరి షరతూ ఇదే అనుకో.

సోంపేటలో రెండు వందల కరపత్రాలు వేయించాను. "సముద్రం ఎవరి సొత్తూ కాదు, అందరిదీ. టోపీలో దాచి అమ్మేవాడిని నిలదీయండి." నా చేతి నుంచే అందరికీ పంచుతాను, నీ ఆఫీసరుకు కూడా ఒకటి.

ఇంకో సంగతి. మా బంగారయ్య తాతను తీసుకొస్తున్నాను. కాలు విరిగాక ఆరేళ్లుగా తాత పడవెక్కలేదు. కెరటాలు దాటాలంటే నిలబడే కాళ్లుండాలి కదా. రోజంతా అరుగు మీద కూర్చుని అవతల సముద్రం చప్పుడు వింటాడు, అంతే. అయినా ఈ ఒడ్డున సముద్రం తెలిసినవాడు ఇప్పటికీ ఆయన ఒక్కడే. మా రాళ్ల సంగతి నీకు తెలుసు. నీళ్ల అడుగున ఎక్కడో ఉన్న ఆ రాళ్ల చుట్టూ కోనాం, గులివింద చేపలు తిరుగుతాయి. అవి ఎక్కడున్నాయో ఒడ్డు మీది గుర్తులు చూసి తాత పట్టాడు. ఏ చెట్టు ఏ కొండ కిందికి వస్తే అక్కడ ఆగాలో ఆయనకు తెలుసు, ఆయన చెప్పగా నాన్నకు తెలుసు. మూడో మనిషికి తెలియదు. నాకూ తెలియదు! నేను పడవలో ఉన్న రోజు నాన్న అటు పోనే పోడు. అడిగితే "నీకు నోరాగదురా కామేశూ, నీకు సెబితే సోంపేట సంతలో సాటింపే" అంటాడు. మా ఇల్లు ఇన్నాళ్లు తిన్నది ఆ రాళ్ల మీద. ఇరవై రెండేళ్లు వచ్చినా నన్ను వాటికి పరాయివాడిని చేశారు.

సరే, అది మా ఇంటి మాట. నేను చెప్పేది ఏమిటంటే, అలాంటి మనిషిని నీ మిషను ముందు కూర్చోబెడతాను. నీ సముద్రం ఎంత అబద్ధమో ఆయన నోటితోనే ఊరంతా వింటుంది. సిద్ధంగా ఉండు.

కామేశ్

*

విశాఖపట్నం,
10 డిసెంబరు 2002

ప్రియమైన కామేశూ,

నిన్ను క్షమించేశాను! నీ కరపత్రం మా ఆఫీసరు మడిచి జేబులో పెట్టుకున్నాడు, దాని మాట ఎత్తలేదు. ఎత్తే తీరిక ఎక్కడిది? దారి పొడుగునా తాత మాటే.

నువ్వు ముందు వరసలో బెంచీ మీద నిలబడి ఉన్నావు కాబట్టి అంతా చూశావు. అయినా రాయకుండా ఉండలేను. తాతను ప్లాస్టిక్ కుర్చీతో సహా ముగ్గురు మోసుకొచ్చారు. తలగుడ్డ తియ్యనంటే దాని మీదే టోపీ పెట్టాను. ముందు గట్టిగా నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఓలమ్మ! నీరు!" అన్నాడు. తరువాత మెడ అటూ ఇటూ తిప్పి, "ఒరే తిరుపతీ, ఇదేటి, కొండ దారి తప్పిందేటి?"

"లేదు తాతా, పటం చూసే పెట్టాను."

"నీ పటం తగలెయ్య. కొండని ఉత్తరానికి జరపరా."

కీబోర్డు మీద జరిపాను. "ఇంకా. ఇంకా. సాలు, ఎనక్కి తే. ఊఁ." జనం ఒకటే నవ్వు. నువ్వు "సూడండ్రా, మా తాత ముందు మిషను తలొంచింది!" అని అరిచావు. ఆ తరువాత తాటిచెట్లు మూడూ లైట్‌హౌసుకు ఎంత ఎడంగా ఉండాలో చెప్పి అవీ జరిపించాడు. "ఇప్పుడు తోలు" అన్నాడు. "ఎటు తాతా?" అంటే "నాను సెబుతాను, నువ్వు తోలు."

నా చేతిలో బొమ్మ పడవ పిడి, ఆయన నోట్లో మాట. ఒడ్డు చిన్నదైపోతోంది. "లైట్‌హౌసు కొండ మెడ కిందికి రావాల. రానీ. రానీ. ఇప్పుడు దచ్చినానికి. తాటిచెట్లు మూడూ ఒక్కటవ్వాల. ఆపు! ఇక్కడ. గేలం ఎయ్యి." అప్పటికి నవ్వులు ఆగాయి, అందరి కళ్లూ టీవీ మీదే. గేలం వెయ్యడానికి ఆ బొమ్మలో గేలమే లేదు, ఏం చెప్పాలో తెలియక "వేశాను తాతా" అన్నాను. నలభై నిమిషాలు ఉంచుకున్నాడు. తీసేసరికి స్పాంజి తడిసిపోయి ఉంది. చుట్ట అడిగాడు.

ఆఫీసరుకు ఒక ఆలోచన వచ్చింది. తాతను పది రోజులు విశాఖ తీసుకురమ్మన్నాడు. కుర్చీ, కారు, మందులు అన్నీ కంపెనీవే. ఇంకా ఆయనకు ఎన్ని గుర్తులు తెలుసో, ఏ ఊరి ఎదురుగా ఏవేవి ఉన్నాయో నువ్వు కాస్త అడిగి రాయగలవా? అవన్నీ పెడితే మా బొమ్మకు ఇక తిరుగుండదు. నా సంగతి కూడా ఈ నెలాఖరుకు తేలిపోతుందన్నాడు.

ప్రేమతో,
నీ బావ

*

బారువ,
16 డిసెంబరు 2002

తిరుపతిరావుగారికి,

మీ ఉత్తరం పదమూడో తారీఖు మధ్యాహ్నం అందింది. ఆ రోజు పొద్దున మా నాన్న మా రాళ్ల నుంచి ఖాళీ బుట్టలతో తిరిగి వచ్చాడు.

అంతకు ముందు బుధవారం కూడా అంతే. ఆ రోజు వెళ్లి చూస్తే మా రాళ్ల మీద పదకొండు పడవలు నిలబడి ఉన్నాయట. అన్నీ మన ఊరివే, షెల్టర్‌లో మీ టీవీ చూసినవాళ్లవే. నాన్న ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. తాతకు సంగతి చెప్పింది నేనే. ఆయన చుట్ట ఆర్పేశాడు. అప్పటి నుంచి నాతోనే కాదు, ఎవరితోనూ మాట్లాడలేదు.

సరిగ్గా అప్పుడు మీ ఉత్తరం. "ఇంకా ఎన్ని గుర్తులు తెలుసో అడిగి రాయి." ఒకటి దొంగిలించి, సంచి దులపక ముందే రెండోదానికి చెయ్యి చాపడం! ఓడల్లో ఉద్యోగాలు నేర్పే కంపెనీకి మా తాత గుర్తులతో పనేమిటి? పెద్ద పెద్ద మరపడవల వాళ్లకు అమ్ముకోవడానికి కాకపోతే? ఆరేళ్లు పడవెక్కని మనిషిని ఒక అద్దాల పెట్టెతో మురిపించి, ఆయన కడుపులో ఉన్నదంతా కక్కించారు. నన్ను బకెట్లో కక్కించారు, ఆయన్ని ఊరి మధ్యలో. మీ యంత్రం పని కక్కించడమే అని ఆలస్యంగా తెలిసింది.

మీ ఉత్తరాన్ని వలలు బాగుచేసే పాక దగ్గర పెద్దల ముందు గట్టిగా చదివాను. పదకొండు పడవల వాళ్లు కూడా విన్నారు. వాళ్లంటారూ, "మాం దొంగతనం సెయ్యలేదు. కంపెనీవోడు సూపించాడు, మాం సూసినాం." పెద్దలు తీర్మానం చేశారు. మీరు ఈ ఊళ్లో అడుగు పెట్టకూడదు. మీ కంపెనీ వ్యాను బారువ మలుపు దగ్గరే ఆగిపోవాలి. మీ ఆఫీసుకు ఆ సంగతి కార్డు మీద రాసి పంపింది కూడా నేనే.

అక్క రావచ్చు. ఒంటరిగా.

కామేశ్వరరావు

*

విశాఖపట్నం,
21 డిసెంబరు 2002

కామేశ్‌కు,

"గారు" అన్నావు. సంతోషం. పెళ్లైన ఆరేళ్లకు మర్యాద దొరికింది.

నేను కోపంతో రాయడం లేదు. కోపం మూడు రోజుల క్రితం నీ కార్డు మా ఆఫీసరు బల్ల మీద చూసినప్పుడే అయిపోయింది. నా ఉద్యోగం ఏమైందని మాత్రం అడక్కు.

మొదటి మాట. మీ తాత జరిపిన కొండ మా మిషనులో లేదు. జనరేటరు ఆపేటప్పుడు నేను దాచిపెట్టడం మరిచిపోయాను. మర్నాడు ఆఫీసులో పెట్టి చూస్తే మహేంద్రగిరి మళ్లీ పాత తప్పు చోటనే ఉంది. అందుకే ఆఫీసరు తాతను రమ్మన్నాడు. మా దగ్గర దొంగిలించినది ఏదీ లేదు, కామేశ్. దాచుకున్నవాళ్లు పదకొండు పడవల వాళ్లు, వాళ్ల తలకాయల్లో.

రెండో మాట. వాళ్ల తలకాయల్లోకి అది ఎలా వెళ్లింది? నీ ఉత్తరం నా దగ్గరే ఉంది, నవంబరు 26ది. "టీవీ జనం వైపు ఉండాలి. బహిరంగంగా జరగాలి. ఇది నా షరతు." నేను గోడవైపు తిప్పుతానంటే తలుపుకు అడ్డంగా కూర్చుంటానన్నది ఎవరు? కదలలేని మనిషిని కుర్చీతో సహా మోయించింది ఎవరు?

మూడో మాట. "సముద్రం ఎవరి సొత్తూ కాదు, అందరిదీ." రెండు వందల కాపీలు. ఆ పదకొండు పడవల వాళ్లకు కూడా నీ చేత్తోనే ఇచ్చావు. వాళ్లు చదివారు. నమ్మారు. ఇప్పుడు ఎవరి మీద నీ కోపం?

నా తప్పు లేదనను. "లైట్‌హౌసు కొండ మెడ కిందికి" అన్నప్పుడే నాకు తెలిసింది, ఆయన ఎక్కడికి తోలిస్తున్నాడో. నేనూ సముద్రపొడ్డున పుట్టినవాణ్నే. పడవ ఎవరి గుర్తు మీదైనా నిలబడి ఉంటే పక్క నుంచి పోయేవాళ్లం మొహం తిప్పుకుని పోతాం. ఒడ్డు వైపు చూడం. మా నాన్న నాకు నేర్పిన మొదటి మర్యాద అది. టీవీ స్విచ్చు నా మోకాలి దగ్గరే ఉంది. నొక్కలేదు. టోపీ కింద నుంచి నవ్వుతున్న ఆ నోరు చూసి నొక్కలేకపోయాను.

మా నీలవేణికి ఐదో ఏడు వచ్చింది. జనవరిలో చెవులు కుట్టించాలి. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి కుట్టిస్తారు. ఆ పిల్లకు ఉన్నది ఒక్క మేనమామ. ఏం చెయ్యమంటావో మీ అక్కకు నువ్వే రాయి. ఆమె రోజూ నన్ను అడుగుతోంది.

తిరుపతిరావు

*

బారువ,
2 జనవరి 2003

బావా,

నీ ఉత్తరం చింపేద్దామని మూడుసార్లు చేతిలోకి తీసుకున్నాను. చింపి ఉంటే బాగుండేది, చదివిన ప్రతిసారీ అందులో నా అక్షరాలే కనబడ్డాయి. ఇరవై ఐదో తారీఖున పెద్దలు మళ్లీ పాక దగ్గర కూర్చున్నారు. కూర్చోబెట్టింది నేనే. అందరి ముందు చెప్పాను. టీవీ తిప్పించింది నేను. తాతను మోయించింది నేను. మా బావ వద్దన్నాడు. నేను రాసి మరీ బెదిరించాను.

ఎవరూ నన్ను తిట్టలేదు. దానికంటే ఘోరం, నవ్వారు. ఎండుచేపలమ్మే ముసలమ్మ ఉంది కదా, పదకొండు పడవల్లో మూడు ఆమె కొడుకులవే. బుట్ట మీద చెయ్యేసుకుని అంది, "సముద్రం అందరిదీ అని కాయితం పంచినావు కదరా గుంటడా. మాం సదువుకోనోళ్లం, నమ్మీసినాం. ఇప్పుడు ఏడుపేటి?"

"మొహం తిప్పుకోవాలి కదా అత్తా! మన మర్యాద అది కాదా?" అన్నాను, నువ్వు రాసిందే.

"సముద్రం మీద తిప్పుకుంటాం. టీవీకి ఎవడేనా మొగం తిప్పుతాడేట్రా?" అంది.

బావా, ఆమె మాట నిజమే. ఆ రోజు అందరికంటే ఆకలిగా చూసింది నేను. బెంచీ మీద నిలబడి చూశాను. ఇరవై రెండేళ్లు నాకు చెప్పని మాట, నూట ఇరవై మందితో కలిసి ఒక టీవీలో నేర్చుకున్నాను. "మా తాత ముందు మిషను తలొంచింది" అని అరుస్తూనే నోట్లో గుణించుకున్నాను, లైట్‌హౌసు, కొండ మెడ, మూడు తాటిచెట్లు.

నీ మీది తీర్మానం ఎత్తేశారు. మీ ఆఫీసుకు ఇంకో కార్డు రాశాను, తప్పు నాదని. దాంతో నీ ఉద్యోగం తిరిగి వస్తుందని నేను అనుకోను. కార్డు చెడగొట్టినంత సులువుగా కార్డు బాగుచెయ్యదు. నీలవేణిని తీసుకుని మీ ముగ్గురూ రండి, కంసాలితో మాట్లాడాను. టోపీ మీద మాత్రం నా అభిప్రాయం మారలేదు, ఇంకా దిగజారింది. అది చెప్పడానికే ఈ ఉత్తరం ఇంత పొడుగు.

ఇరవై తొమ్మిదో తారీఖు పొద్దున తాత నోరు విప్పాడు. పదిహేను రోజులు దాటాక మొదటి మాట, "నన్ను పడవెక్కించండి."

నాన్న వద్దన్నాడు, నేను వద్దన్నాను. "సత్తే నీళ్లల్లో సత్తాను, అరుగు మీద కాదు" అన్నాడు. నలుగురం భుజాలకెత్తుకుని కెరటాల్లోకి దిగాం. ఆయన మా నెత్తి మీద నుంచి తిడుతూనే ఉన్నాడు. "ఒరే ఇప్పుడు కాదు, ఎనక పెద్దది వత్తంది. ఆగు. ఇప్పుడు!" ఆయన ఆగమన్నప్పుడు ఆగి, పదమన్నప్పుడు పరిగెత్తాం. తలగుడ్డ కూడా తడవలేదు.

రాళ్ల దగ్గర తొమ్మిది పడవలున్నాయి. నేను దారంతా ఒకటే ఊహిస్తూ వచ్చాను. ఈ మనిషిని కళ్లారా చూడగానే వాళ్లు సిగ్గుపడతారు, ఒక్కొక్కరే లంగరు లాక్కుని పోతారు అని. ఒక్కడూ లాగలేదు. ముసలమ్మ పెద్ద కొడుకు మాత్రం లేచి నిలబడి, "ఏటి తాతా, బాగున్నావేటి?" అని చుట్ట చాపాడు.

తాత తీసుకోలేదు. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని తొమ్మిది పడవలనూ వరసగా చూశాడు. వాళ్ల తాళ్లు చూశాడు. నీళ్ల వైపు చూశాడు. మెడ నరాలు లేచాయి. ఇప్పుడు తిడతాడు, ఈ దొంగలను పేరుపేరునా కడిగేస్తాడు అనుకున్నాను. తిట్టాడు కూడా.

"ఒరే సన్నాసుల్లారా! మీ మొకాలకి పడవలెందుకురా! రాళ్ల నడినెత్తిన నిలబడ్డారేటి? నీరు దచ్చినానికి ఎలగ లాగతందో కనబడదేటి? అక్కడేసిన గేలం రాళ్ల మీద పడతాదా, అవతల బురదలో పడతాదా? ఉత్తరానికి ఎగదోలండి, ఇరవై బారలు! టీవీ సూసి సేపల ఏట సేత్తారేటి మీరు! తాడు పొడుగొగ్గు, నువ్వు, ఒరే, నువ్వే!"

మూడు వారాలుగా వాళ్లకూ చేపలు పడలేదట బావా. గేలాలు బురదలో ఇరుక్కుని తెగిపోవడమే తప్ప. ఇంట్లో చెప్పుకోలేక నోరు మూసుకుని రోజూ వచ్చి నిలబడుతున్నారు. నీ టోపీలో కొండ ఉంది, లైట్‌హౌసు ఉంది, తాటిచెట్లున్నాయి. నీరు లాగడం లేదు. లక్షల ఖరీదు చేసే ఆ సముద్రం నూతిలో నీళ్లలా కదలకుండా ఉంటుంది. దాన్ని నమ్ముకున్నవాళ్లకు ఖాళీ బుట్టలు మిగిలాయి. ఇక వాళ్లే విసిగి మానేసేవారు. వారం ఆగితే చాలు, మా రాళ్లు మళ్లీ మావే అయ్యేవి.

ఆ మిగిలిన ముక్క కూడా ఈయన అరిచి మరీ చెప్పేశాడు! తొమ్మిది పడవలూ ఉత్తరానికి జరిగాయి. అరగంటలో ముసలమ్మ కొడుకు పడవలోకి చెయ్యి పొడుగు కోనాం వచ్చి పడింది. నాన్న తాత వైపు చూడలేదు. తాడు చుట్టుకుంటూ కూర్చున్నాడు.

"ఎందుకు సెప్పీసినావు తాతా? అంతా అయిపోయింది!" అన్నాను.

"తప్పుగా నిలబడితే సూడలేనురా" అన్నాడు. ఎవరో ఎంగిలి చెయ్యి కడుక్కోమన్నంత మామూలుగా.

"పరాయోళ్లకి సెబుతావు. నాకు మాత్రం నోరాగదని ఇన్నేళ్లూ సెప్పలేదు!"

"ఆ మాట మీ నాన్నది. నానన్నానేటి? నువ్వు నన్నెప్పుడేనా అడిగినావేటి? పుత్తకం సదివి మాకు సెప్పడమే గానీ."

అడగలేదు బావా. ఎంత వెతుక్కున్నా, అడిగిన రోజు ఒక్కటీ దొరకలేదు.

"తాడట్టుకో" అన్నాడు. లంగరు తాడు. "కళ్లు ముయ్యి. ఏటి తెలుత్తంది?"

"లాగుతోంది."

"ఎటు?"

చెప్పాను. నెత్తి మీద ఒకటి తగిలింది. మళ్లీ చెప్పాను, మళ్లీ తగిలింది. పైన నీరు ఒకవైపు, అడుగున నీరు ఇంకోవైపు పోతాయని నాకు తెలియదు. తాడు మధ్యలో వణుకుతుంది, అది చేతికి తెలియాలి. పొద్దెక్కే వరకు అదే పని. అరచేతులు బొబ్బలెక్కాయి, ఇంకా మానలేదు. ఈ ఉత్తరంలో అక్షరాలు వంకరగా ఉన్నది అందుకే. చివరికి ఒకసారి సరిగ్గా చెప్పాను.

తాత మెచ్చుకోలేదు. చుట్టూ నిలబడ్డ తొమ్మిది పడవలనూ ఒకసారి చూసి, వాళ్లకు వినబడేంత గట్టిగా నన్ను అడిగాడు.

"ఇప్పుడు సెప్పరా కామేశూ. ఇది మనదేటి, అందరిదా?"

కరపత్రం రాసింది నేను. తొమ్మిది పడవల వాళ్లూ పని ఆపి నా వైపు చూస్తున్నారు. నాన్న చేతిలో తాడు ఆగింది. తాడు పట్టుకుని అలాగే నిలబడ్డాను బావా.

కామేశ్